తోకలో బరువు

మా గది తలుపుకు గడియ లేదు. నేను కాపురానికి రాకముందు ఎప్పుడో ఒక పిల్లవాడు లోపల గడియ పెట్టుకుని, తీయడం రాక ఏడ్చాడట. అప్పుడు ఊడదీశారు. ఆ పిల్లవాడు ఇప్పుడు గడ్డం గీసుకుంటున్నాడు, గడియ మాత్రం తిరిగి రాలేదు. పైగా మిద్దె మీదికి మెట్లు మా గదిలోంచే. వడియాలు ఎండబెట్టాలన్నా, నీళ్ళ ట్యాంకు చూడాలన్నా, ఫోనుకు సిగ్నలు కావాలన్నా ఇంట్లోవాళ్ళందరూ మా మంచం పక్కనుంచే నడిచి పోతారు. ఎవరూ తలుపు తట్టరు. సొంతవాళ్ళ గదికి తట్టడమేమిటని వాళ్ళ ఉద్దేశం. వాళ్ళు చెడ్డవాళ్ళు కారు. చెడ్డవాళ్ళయితే నాకీ బాధే ఉండేది కాదు, ఏదో ఒకరోజు గొడవపడి బయటపడేదాన్ని.

ఆదోనిలో మాది పత్తి మండీ. రైతులు తెచ్చిన పత్తిని యార్డులో అమ్మించి కమీషను తీసుకుంటాం. వ్యాపారమంతా మా బావగారు గురురాజ గారి చేతిలో ఉంటుంది. ఇల్లంతా ఆయన భార్య విశాలాక్షక్క చేతిలో ఉంటుంది. మా ఆయన సుధీర్, బావగారికి ఒక్కడే తమ్ముడు. ఆయన ఏడేళ్ళవాడుగా ఉన్నప్పుడు మా అత్తగారు పోయారు. అప్పటికే ఈ ఇంటికి కోడలుగా వచ్చి ఉన్న అక్క ఆయన్ను కన్నకొడుకులా పెంచింది. ఇప్పటికీ ఆయన తల సరిగ్గా తుడుచుకున్నాడా లేదా అని చెయ్యి పెట్టి చూసేది అక్కే, నేను కాదు. ఏ కూర వండాలో, ఎవరు ఏ పెళ్ళికి పోవాలో, మేమిద్దరం సినిమాకు పోతే వెంట ఎవర్ని తీసుకుపోవాలో పొద్దున కాఫీల దగ్గరే తేలిపోతుంది. అవును, మా సినిమాకు తోడు కూడా ఉంటారు.

మా ఆయన ఇంజనీరింగు చదివాడు. చదివి, మండీలో కాటా పక్కన నిలబడి బరువులు గట్టిగా చదివి వినిపిస్తుంటాడు. సాయంత్రం తల నిండా పత్తి పోగులతో ఇంటికొస్తాడు. ఆ మనిషికి ఉన్న ఒకే ఒక్క పిచ్చి విమానాలు. రెండేళ్ళు ఒక చవక రకం థర్మాకోల్ విమానాన్ని పత్తి మిల్లు వెనక ఖాళీ బీట్లో ఎగరేసి, విరగ్గొట్టి, అతికించి, రిమోటు మీద చెయ్యి కుదుర్చుకున్నాడు. ఆ తర్వాత అసలైన కిట్టు తెప్పించుకున్నాడు. పాతకాలపు రెండు సీట్ల పసుపు రంగు విమానం, నిజందానిలో ఆరో వంతు. డబ్బా విప్పితే విమానం లేదు, పల్చటి చెక్కలు ఉన్నాయి. బాల్సా కర్రట. చేతిలో పెట్టుకుంటే అప్పడం పట్టుకున్నట్టే ఉంది. ఆ చెక్కల్లోంచి ముక్కలు విడదీసి, కాగితం మీద గీసిన బొమ్మపై పేర్చి, గుండుసూదులు గుచ్చి, జిగురు పెట్టి ఒక్కొక్క ఎముకే అతికించుకుంటూ పోవాలి.

ఆ పనంతా మా మంచం మీదే జరిగింది. మంచం మీద ప్లైవుడ్ పలక, మేము కింద చాప మీద. మిద్దెకు పోయేవాళ్ళు ఆగి ఒక మాట అనేవాళ్ళు. ఒకరికి అది చేప ముల్లు, ఇంకొకరికి పాడె. ఒక రోజు మిరపకాయలు ఆరబెట్టడానికి చాట ఎత్తుకుపోతూ ఎవరో రెక్కకు తగిలించారు, నాలుగు ఎముకలు విరిగాయి. మా ఆయన "పర్వాలేదు" అన్నాడు. ఆ మనిషి నోట్లోంచి ఎక్కువగా వచ్చే మాట అదే. నాకు ఒళ్ళు మండింది. ఆ రోజు నుంచి తలుపుకు కుర్చీ అడ్డం పెట్టుకుని కూర్చునేదాన్ని. "కుర్చీ ఎవరో మర్చిపోయినారే" అంటూ జరిపి లోపలికి వచ్చేవాళ్ళు.

రెక్కల మీద పసుపు పొర తొడిగింది నేనే. అది ఒక రకం ప్లాస్టిక్ కాగితం. చెక్క మీద పరిచి ఇస్త్రీపెట్టెతో మెల్లగా అద్దుతూ పోతే ముడుచుకుని డప్పులా బిగుస్తుంది. వేడి ఎక్కువైతే చిల్లి పడుతుంది, తక్కువైతే ముడత మిగులుతుంది. పట్టుచీరలు ఇస్త్రీ చేసిన చెయ్యి నాది, ఒక్క ముడత కూడా రానివ్వలేదు. మా ఆయన వేలితో రెక్క మీద కొట్టి చూసి, "లహరీ, ఇట్ల నాకు రాదు" అన్నాడు. పెళ్ళయిన ఆరేళ్ళలో ఆయన నన్ను అంత సంతోషంగా చూసిన రోజు ఇంకోటి నాకు గుర్తులేదు.

ఆ తర్వాత ముక్కులో మోటారు, కడుపులో బ్యాటరీ, రెక్కల్లో చెరొక చిన్న మోటారు, తోక దగ్గర ఇంకొకటి. తోక కింద ఆ చిన్న మోటారును చూసుకోవడానికి అగ్గిపెట్టెంత మూత. అన్నీ అమర్చాక అసలు పరీక్ష. రెక్కల కింద రెండు గుర్తులు ఉంటాయి. అక్కడ రెండు చూపుడు వేళ్ళు ఆనించి విమానాన్ని పైకెత్తితే అది తక్కెడ ముల్లులా సమంగా నిలవాలి. ముక్కు కాస్త వంగినా ఎగురుతుంది. తోక వంగిందంటే మాత్రం దాన్ని గాల్లోకి వదలకూడదు. తల ఎత్తుకుని పైకి పోతుంది, మన మాట వినదు, ఆగి పడిపోతుంది. "తోకలో ఉంగరమంత బరువు ఎక్కువైనా తేడా తెలుస్తుంది," అనేవాడు. బంగారం తూచే చిన్న కాటా ఒకటి కొనుక్కొచ్చి జిగురుతో సహా తూచేవాడు. ఇంట్లో అందరికీ అది నవ్వులాట. మా ఇంట్లో బరువంటే క్వింటాలు. పత్తి తూచేటప్పుడు కిలో అటో ఇటో అయితే ఎవరూ తల తిప్పి చూడరు.

ఇదంతా ఊరికే సరదా కాదు. ఎమ్మిగనూరులో జయరాం గారని, కొత్తగా బడి పెట్టినాయన ఉన్నారు. పిల్లలకు ఇలాంటివి చేయడం నేర్పే మనిషి కావాలని వెతుకుతున్నారు. మా ఆయన ఫోనులో ఫొటోలు చూపిస్తే, వార్షికోత్సవం రోజు పిల్లల ముందు ఎగరేసి చూపించండి, ఆ రోజే ఉద్యోగం ఖాయం అన్నారు. బడి పక్కనే మిద్దె మీద రెండు గదులు కూడా ఇస్తామన్నారు. నేను పోయి చూసొచ్చాను. వంటగది చిన్నది, నీళ్ళు కింద నుంచి మోసుకోవాలి, మధ్యాహ్నం ఎండ సూటిగా కొడుతుంది. తలుపుకు మాత్రం పైన ఒకటి, కింద ఒకటి, రెండు గడియలు ఉన్నాయి. ఆ పెద్దమనిషి చూడకుండా రెండూ ఒకసారి వేసి తీశాను.

ఈ విషయం ఇంట్లో చెప్పిన రోజు బావగారు తాగుతున్న కాఫీ కింద పెట్టేశారు. అక్క కళ్ళు తుడుచుకుంది.

"ముప్పై కిలోమీటర్లే కదన్నా," అన్నాడు మా ఆయన.

"దూరం కాదు సుధీరా. ఈడ నీకేం తక్కువైంది? అది సెప్పు," అన్నారు బావగారు.

ఏం చెప్తాం? తక్కువేమీ లేదు. అన్నీ ఎక్కువే. చివరికి బావగారు మండీలో బేరం తేల్చినట్టు తేల్చారు. "సరే, ఒక మాట. శనివారం ఆడ అందరి ముందర ఎగిరించు. ఎగిరిందా, పో. నేను అడ్డం రాను. ఎగరలేదంటే మాత్రం మళ్ళ ఇంట్లో ఆ మాట ఎత్తకూడదు."

మా ఆయన ఒప్పుకున్నాడు. బావగారు మాట ఇస్తే తప్పరని ఊరంతటికీ తెలుసు. తనకు మాట ఇచ్చినవాళ్ళు తప్పితే ఊరుకోరని కూడా తెలుసు.

గురువారం తెల్లవారి మిల్లు వెనక బీట్లో మేమిద్దరమే ఎగరేశాం. పసుపు విమానం దుమ్ములో నాలుగడుగులు పరుగెత్తి లేచింది. జిన్నింగు మిల్లు గొట్టం పక్కనుంచి తిరిగింది, ఎండ తగిలి నేను ఇస్త్రీ చేసిన రెక్క మెరిసింది. పావురం వరండాలో దిగినంత నిమ్మళంగా దిగింది. నేను చప్పట్లు కొట్టి, ఎవరైనా చూస్తున్నారేమో అని వెనక్కి చూశాను. ఎవరూ లేరు. అప్పుడు ఇంకా గట్టిగా కొట్టాను. ఇంక మేము వెళ్ళిపోయినట్టే అనుకున్నాను.

శనివారం ఇల్లు ఇల్లంతా బయల్దేరింది. మా వాళ్ళు ఆశీర్వదించినా, పందెం చూడ్డానికి వచ్చినా మందితోనే వస్తారు. పొద్దున హాల్లో విమానాన్ని పీట మీద పెట్టి అక్క పూజ చేసింది. మా ఇంట్లో కొత్త కాటా దించినా, కొత్త లారీ కొన్నా, ఆఖరికి మిక్సీ కొన్నా పూజ తప్పదు. కుంకుమ పెట్టి, దండ వేసి, నిమ్మకాయ కట్టింది. అన్నీ అయ్యాక మా ఆయన దండా, నిమ్మకాయా జాగ్రత్తగా తీసి పక్కన పెట్టి, వేళ్ళ మీద విమానాన్ని ఎత్తి చూశాడు. సమంగా నిలిచింది. ఆ తర్వాత రెక్క విప్పి, మండీ ట్రాలీ ఆటోలో పరుపు మీద పెట్టడానికి బయటికి పోయాడు. నేను చీర మార్చుకోవడానికి లోపలికి పోయాను. విమానం ఒళ్ళు హాల్లోనే పీట మీద ఉంది, పక్కన అక్క ఉంది.

ఎమ్మిగనూరు చేరేసరికి ఆలస్యమైంది. దారిలో ఉగ్గాని తిందామని ఆపారు, తర్వాత మిర్చి బజ్జీ వేడిగా వేస్తున్నారని ఇంకాసేపు ఆపారు. మైదానంలో పిల్లలంతా షామియానా కింద కూర్చుని ఉన్నారు. జయరాం గారు మైకులో మా ఆయన పేరు చెప్పేశారు. మా ఆయన గబగబా రెక్క బిగిస్తున్నాడు. బావగారు వాచీ చూసుకుంటూ తల దగ్గరే నిలబడ్డారు.

"తొందరగా కానీరా. తొమ్మిదికి రాహుకాలం వస్తాండాది."

"ఒక్క నిమిషమన్నా. వేళ్ళ మీద ఎత్తి చూసుకుంటా."

"పొద్దున సూసినావు కదా. మళ్ళ ఏమైతాది? దారిలో ఎవురన్నా తిన్నారా దాన్ని?"

అందరూ నవ్వారు. నేను మాత్రం, "ఎత్తి చూడండి, ఏమవుతుంది," అన్నాను. బావగారు నావైపు చూడకుండా, "రాహుకాలంలో లేపితే, అది పడితే, నన్ను అడగొద్దు మళ్ళ," అన్నారు. మా ఆయన నావైపు చూశాడు, వాచీ వైపు చూశాడు. "పర్వాలేదు" అన్నాడు.

విమానం గురువారం లాగా పరుగెత్తలేదు. రెండడుగులు పోగానే ముక్కు పైకెత్తింది. పిల్లలు ఒక్కసారిగా అరిచారు, వాళ్ళకు అది గొప్పగా కనిపించింది. ఇంకా పైకెత్తింది. మా ఆయన బొటనవేలు రిమోటు మీద పుల్లను ముందుకు చివరిదాకా నొక్కి ఉండటం నేను చూశాను, విమానం మాత్రం వినలేదు. కొబ్బరిచెట్టంత ఎత్తున నిలబడిపోయింది, మోటారు అరుస్తూనే ఉంది. ఆ తర్వాత ఒక రెక్క వాలి, మెలి తిరిగి, ఎవరూ లేని వైపు నేలకు కొట్టుకుంది. చెక్కలు విరిగిన చప్పుడు చిన్నదే. నాకు మాత్రం చాలా రోజులు అదే వినిపించింది.

అందరికంటే ముందు నేనే పరుగెత్తాను. ముక్కు పచ్చడి అయిపోయింది. నేను ఇస్త్రీ చేసిన రెక్క రెండుగా విరిగి, పసుపు పొర పట్టుకుని వేలాడుతోంది. తోక ఒక్కటే చెక్కుచెదరలేదు. దాని కింద మూత ఊడి ఉంది. అందులోంచి పత్తి కనిపించింది. విమానంలో పత్తి ఎందుకుంది? లాగాను. తెల్లటి పత్తి, మా మండీ పత్తి, చేతినిండా వచ్చింది. దాని మధ్య రాగి తాయెత్తు. చిన్నపిల్లల మెడలో కట్టేది కాదు. నా బొటనవేలంత లావు, రెండు పక్కలా లక్కతో మూసింది. మా లారీలకు ముందు అద్దం కింద కట్టేది ఇదే. అక్క ఎప్పుడు చేయించినా ఒకటే సైజు చేయిస్తుంది.

మా ఆయన వచ్చి పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. చూశాడు. ముఖంలో కోపం వస్తుందేమో అని ఎదురుచూశాను, ఆ ఒక్కసారైనా రావాలని కోరుకున్నాను. ఆయన నా వేళ్ళను ఒక్కొక్కటే ముడిచి తాయెత్తును నా గుప్పిట్లో మూసేశాడు.

"సెప్పొద్దు లహరీ."

"చెప్పొద్దా? మన ఉద్యోగం, మన ఇల్లు..."

"ఇమానాన్ని తనే పడేసిందని తెలిస్తే వదిన అన్నం ముట్టదు. నాకు తెలుసు. నువ్వు సెప్పొద్దు."

ఇంతలో జయరాం గారు వచ్చారు. ఆయన మంచివాడు, ఆ రోజు మాకు ఒక దారి తెరిచి మరీ నిలబడ్డాడు. "ఏమైంది సుధీర్ గారూ? మిషనులో తేడానా? మిషనుదైతే బాధపడొద్దు, బాగుచేసి ఇంకోసారి రండి. నాకేం తొందర లేదు," అన్నారు.

ఆయన వెనక అక్క వస్తోంది. చెప్పులు కూడా వేసుకోకుండా ఆ రాళ్ళలో పరుగెత్తుకొస్తోంది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని. మా ఆయన ఆమెను చూశాడు.

"మిషను తప్పు కాదు సార్. నా తప్పే. బరువు సరిచూసుకోకుండా వదిలినా."

జయరాం గారి ముఖం మారిపోయింది. షామియానా కింద ఉన్న పిల్లల వైపు ఒకసారి చూశారు. "పిల్లల మీద పడుంటే ఏమయ్యేది అప్పా?" అన్నారు, మెల్లగానే. ఆ తర్వాత కార్యక్రమం ఉందని వెళ్ళిపోయారు. నేను నోరు తెరిచాను. అదే క్షణంలో అక్క వచ్చి నన్ను కౌగిలించుకుంది. "ఏడవద్దు తల్లీ, నేనుండా" అంటూ నా వీపు నిమిరింది. నా నోరు ఆమె భుజం మీద మూసుకుపోయింది. గుప్పిట్లో తాయెత్తు అరచేతికి గుచ్చుకుంటోంది.

ఆదోనికి తిరుగు ప్రయాణంలో కారులో ఎవరూ గెలిచినట్టు మాట్లాడలేదు. అదే నాకు ఇంకా కష్టంగా ఉంది. బావగారు వెనక్కి తిరిగి తమ్ముడి మోకాలు తట్టి, "పోనీలేరా. ఇంతకంటే పెద్దది తెప్పిస్తా. ఇంట్లోనే సేసుకో, మన బీట్లోనే ఎగిరించుకో. ఎవురికో సూపించేది ఏముంది?" అన్నారు. ఆయన కళ్ళలో నిజంగానే నీళ్ళు ఉన్నాయి. సంతోషం కూడా ఉంది, దాచుకోవాలని చూశారు గానీ ఆయనకు చాత కాలేదు.

అక్క బత్తాయి ఒలిచి అందరికీ తొనలు పెట్టింది. నాకు పెడుతూ గొంతు తగ్గించి చెప్పింది. "మీకు సెప్పలేదు గానీ లహరీ, పొద్దున తోకలో తాయెత్తు పెట్టినా. కదిలి శబ్దం కాకుండా సుట్టూ పత్తి కూరినా. మన లారీలకు కడితిమి, కాటాకు కడితిమి, బిడ్డ సేసినదానికి కట్టకుంటే ఎట్ల? సూసినావా, అంత ఎత్తు నుంచి పడినా ఒక్క పిల్లోని మీద పడలేదు. అదంతా దాని మహిమే."

నేను తొన నోట్లో పెట్టుకున్నాను. మా ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. చెప్పేయాలని నాలుక చివరిదాకా వచ్చింది. అక్క చేతుల మీద బత్తాయి తొక్క వాసన వస్తోంది, పాదాలకు రాళ్ళు గీసుకున్న గాట్లు కనిపిస్తున్నాయి. తిట్టడానికి ఒక్క మనిషి దొరికి ఉంటే ఎంత బాగుండేది! "అవునక్కా" అన్నాను. ఆ మాట అన్నందుకు నన్ను నేనే కొట్టుకోవాలనిపించింది.

కొత్త కిట్టు దసరా ముందు వచ్చింది. బావగారు అన్న మాట నిలబెట్టుకున్నారు, డబ్బా మా గది తలుపులోంచి పట్టలేదు. పక్కకు తిప్పి, ఇద్దరు హమాలీలు మోసుకొచ్చి దించారు. మంచం ఎత్తించి ఆ చోట పెద్ద బల్ల వేయించారు. మిద్దెకు పోయేవాళ్ళకు కొంచెం ఇరుకైంది, అయినా ఎవరూ విసుక్కోలేదు. ఆగి చూసి, మంచి మాట చెప్పి పోతున్నారు. అక్క కుంకుమ పెట్టి, డబ్బా పక్కన కొత్త తాయెత్తు ఉంచింది. పాతదానికంటే పెద్దది.

"ఈసారి దొంగతనంగా ఎందుకు? నీ ముందరే పెడతా సుధీరా. యాడ పెట్టాల్నో నువ్వే సెప్పు," అంది.

"తోకలోనే పెట్టు వదినా. ఆడే బాగుంటుంది," అన్నాడు మా ఆయన.

ఆమె సంతోషంగా కిందికి వెళ్ళింది. ఆయన ఆ తాయెత్తును బంగారం కాటా మీద పెట్టి, కాగితం తీసుకుని లెక్కలు వేయడం మొదలుపెట్టాడు. నేను వెళ్ళి వెనక నిలబడ్డాను.

"ఏం లెక్క అది?"

"తోకలో ఇది ఉంటుంది కదా. దానికి సరిపోయేటట్టు ముక్కులో సీసం ఎంత పెట్టాల్నో సూస్తాండా."

"అంత బరువుతో లేస్తుందా?"

ఆయన పెన్సిలు ఆపి నిజంగానే ఆలోచించాడు. "లేస్తుంది. మోటారు పెద్దది పెడితే లేస్తుంది. ఎక్కువ దూరం పోలేదు, అంతే. మిల్లు సుట్టూ ఒకసారి తిరిగి, మళ్ళ ఈడనే దిగుతుంది. పర్వాలేదు."

మెట్ల మీదికి ఎవరో వడియాల గుడ్డ పట్టుకుని నా పక్కనుంచి వెళ్ళారు. ఇంకెవరో వెనకే వస్తున్నారు. ఇస్త్రీపెట్టె ప్లగ్గు పెట్టి, అది వేడెక్కేదాకా గోడ వైపు తిరిగి నిలబడ్డాను. ఏడవడానికి ఆ గదిలో నాకు దొరికిన చోటు అదొక్కటే.